నేరేడు రంగు పెదవులు: అనిలీన్ దగ్గర పనిచేయబోయే పిల్లలతో

(డిగ్రీ చివరి సంవత్సరం రసాయన శాస్త్ర విద్యార్థుల ముందు, ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి.

నా చేతిలో ఉన్న ఈ గాజు గొట్టాన్ని చూడండి. రెండు కొసలూ మంట మీద కరిగించి మూసేసినవే, భయపడక్కర్లేదు. ఇందులో ఉన్నది అనిలీన్, రంగులు, మందులు, రబ్బరు తయారీలో వాడే రసాయనం. వెనక బెంచీల వాళ్లకు రంగు కనిపిస్తోందా? పాలు కలపని కాఫీ డికాషన్‌లా ఉంది. మీ పుస్తకం తీస్తే మాత్రం ‘రంగులేని, నూనె వంటి ద్రవం’ అని ఉంటుంది. పుస్తకం తప్పు కాదు. దీన్ని నింపిన రోజు నీళ్లలాగే ఉండేది. గొట్టంలో మిగిలిపోయిన కాస్త గాలి, కిటికీలోంచి పడే వెలుతురు కలిసి ఇన్నేళ్లలో ఇలా మార్చేశాయి. అందుకే మీ ల్యాబ్‌లో దీన్ని ముదురు రంగు సీసాలో పెడతారు, ప్రయోగానికి ముందు చిటికెడు జింకు పొడి వేసి డిస్టిల్ చేస్తారు.

మీలో చాలామంది ఇంకో ఆరు నెలల్లో జీడిమెట్లకో, పాశమైలారానికో, పరవాడకో, అచ్యుతాపురానికో ఉద్యోగాలకు వెళతారు. ఇంటర్వ్యూలో అనిలీన్ క్షారత్వం గురించి అడుగుతారు, మీరు చక్కగా చెబుతారు. అది మనిషి ఒంట్లోకి ఎలా వెళుతుందని మాత్రం ఎవరూ అడగరు. నేను ఇవాళ వచ్చింది ఆ సంగతి చెప్పడానికే. అనిలీన్ చర్మంలోంచి లోపలికి వెళుతుంది. వెళ్లేటప్పుడు నొప్పి పెట్టదు.

ముందు ఒక రాత్రి గురించి చెబుతాను.

అప్పట్లో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో అనిలీన్ డ్రమ్ములు వచ్చేవి. డ్రమ్ములోంచి రియాక్టర్‌కు పంపుతో ఎక్కించేవాళ్లం. నైట్ షిఫ్ట్‌లో ఒక హెల్పర్ కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయి, పంపు దగ్గర నిలబడి ఉన్నాడు. హోస్‌కు వేసిన క్లిప్ జారిపోయింది. మోకాలి కింది నుంచి ప్యాంటు, తోలు బూట్లు తడిసిపోయాయి. యాసిడ్ అయితే కేకలు వేసి షవర్ దగ్గరికి పరుగెత్తేవాడు. ఇది మండలేదు, దురద కూడా పెట్టలేదు. కాటన్ వేస్ట్‌తో తుడుచుకుని, హోస్ మళ్లీ బిగించి, పని కానిచ్చాడు. సూపర్‌వైజర్‌కు చెబితే తిడతాడని చెప్పలేదు.

రెండు గంటల తర్వాత అందరం టీకి కూర్చున్నాం. ట్యూబ్‌లైట్ వెలుతురులో అతన్ని చూసి పక్కనున్నవాడు, “ఏంట్రా, నేరేడు పళ్లు తిన్నావా?” అన్నాడు. అది నేరేడు కాయలు కాసే కాలం కాదు. పెదవులు ఊదా రంగులో ఉన్నాయి. గోళ్లు చూశాను, అవీ అంతే. “ఎలా ఉంది?” అని అడిగితే, “కొంచెం తలనొప్పి సార్, నిద్ర లేక” అన్నాడు. లేచి నిలబడితే తూలాడు.

ఆస్పత్రిలో సిరంజిలోకి రక్తం తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ రంగు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రక్తం ఎర్రగా లేదు. చాక్లెట్ కరిగించినట్టు ఉంది. డాక్టర్ గారు ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేసి గాలి తగలనిచ్చారు. మామూలుగా ఆక్సిజన్ తక్కువై నల్లబడిన రక్తం గాలి తగిలితే ఎర్రబడుతుంది. ఇది గోధుమ రంగులోనే ఉండిపోయింది. “దీనికి మందు మిథిలీన్ బ్లూ, మా దగ్గర లేదు” అన్నారు. ఊళ్లో ఇంకో ఆస్పత్రి నుంచి తెప్పించేసరికి తెల్లవారింది. ఎక్కించాక గంటలో పెదవుల రంగు మారింది. మర్నాడు మూత్రం నీలంగా, ఆకుపచ్చగా వస్తుంటే చూసి వాళ్లమ్మ గోలపెట్టింది. మందు రంగు అలా బయటికి వస్తుందమ్మా అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

కథ అక్కడితో అయిపోలేదు. రెండు రోజుల తర్వాత డిశ్చార్జ్ చేశారు. ఇంటికి వెళ్లాడు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ అవే నీలి పెదవులతో ఆటోలో తీసుకొచ్చారు. ఎక్కడా అనిలీన్ ముట్టలేదు. మరి ఎలా వచ్చింది? బూట్లు. ఆస్పత్రి మంచం కింద పెట్టిన అవే తోలు బూట్లు వేసుకుని ఇంటికి వెళ్లాడు, అవే వేసుకుని రోజంతా తిరిగాడు. తోలు అనిలీన్‌ను స్పాంజిలా పీల్చుకుంటుంది. చెమట పట్టిన పాదానికి రోజంతా కొంచెం కొంచెంగా అందిస్తుంది. ఆ బూట్లు తీసి పారేయాలని అతనికి చెప్పాల్సింది మేము. చెప్పలేదు. ఆ రోజు తర్వాత నా ట్రైనింగ్‌లో మొదటి మాట బూట్ల గురించే.

ఇప్పుడు కెమిస్ట్రీకి వద్దాం. బెంజీన్ వలయానికి ఒక అమీన్ గుంపు, అంతే. నైట్రోజన్ మీదున్న ఎలక్ట్రాన్ జంటను వలయం తనవైపు లాక్కుంటుంది. అందుకే మిథైల్ అమీన్ కంటే అనిలీన్ దాదాపు 10 లక్షల రెట్లు బలహీనమైన క్షారం. అదే లాగుడు వల్ల వలయం చురుగ్గా తయారవుతుంది. బ్రోమిన్ నీళ్లు పోయగానే తెల్లటి అవక్షేపం దిగేది అందుకే. ఇదంతా మీకు వచ్చు.

దాని నూనె స్వభావం మీద పరీక్షలో ప్రశ్న రాదు కానీ, ప్లాంట్‌లో అదే ముఖ్యం. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మూడున్నర గ్రాములకు మించి కరగదు. కొవ్వులో మాత్రం బాగా కరుగుతుంది. మన చర్మం పై పొరలో కణాల మధ్య ఉన్నది కొవ్వే. నీళ్లను ఆపే గోడ దీన్ని ఆపలేదు. ద్రవం ఒక్కటే కాదు, ఆవిరి కూడా చర్మంలోంచి వెళుతుంది. అందుకే మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో 8 గంటల సగటుకు 2 పీపీఎం, అంటే గాలిలో 10 లక్షల పాళ్లకు 2 పాళ్లు అని హద్దు రాసి, పక్కనే ‘చర్మం’ అని ఒక మాట చేర్చారు. ఆ మాట అర్థమేమిటంటే, గాలిని ఎంత కొలిచినా మిగతా దారి తెరిచే ఉందని. మూతికి మాస్క్ కట్టి, చేతికి పల్చటి లేటెక్స్ గ్లౌజు వేసుకున్నవాడు ముందు తలుపు మూసి వెనక తలుపు తీసిపెట్టినట్టే. దీనికి బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు కావాలి. స్టోర్స్‌లో లేవంటే తెప్పించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక రక్తంలో ఏం జరుగుతుంది? కాలేయం అనిలీన్‌ను ఫినైల్ హైడ్రాక్సిల్ అమీన్‌గా మారుస్తుంది. అది ఎర్ర కణంలోకి వెళ్లి, హిమోగ్లోబిన్‌లోని ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ చేస్తుంది. ఫెర్రిక్ అయిన హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌ను మోసే శక్తి ఉండదు. దాన్నే మెథిమోగ్లోబిన్ అంటారు. మన అందరి రక్తంలోనూ అది ఒక శాతం వరకూ ఉంటుంది, ఒంట్లో ఉన్న ఎంజైములు ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. 15 శాతం దాటేసరికి పెదవులు నీలమవుతాయి. 20, 30 దాటాక తలనొప్పి, తలతిరుగుడు, ఆయాసం. 70 దాటితే మనిషి దక్కడం కష్టం.

ఇందులో నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ హైడ్రాక్సిల్ అమీన్ ఒకసారి పనిచేసి ఊరుకోదు. ఎర్ర కణం లోపలే మళ్లీ పాత రూపానికి వచ్చి ఇంకో హిమోగ్లోబిన్ మీద పడుతుంది. ఒకే అణువు చాలాసార్లు దెబ్బతీస్తుంది. అందుకే ఒలికిన వెంటనే బాగానే ఉన్న మనిషి గంటల తర్వాత కూలిపోతాడు. “నాకేం కాలేదు సార్” అన్న మాటను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆ షిఫ్ట్ అంతా కళ్లముందు కూర్చోబెట్టుకునేవాణ్ని.

కరోనా వచ్చాక వేలికి పెట్టే ఆక్సిమీటర్ ప్రతి ఇంట్లో ఉంది. ఈ విషయంలో దాన్ని నమ్మొద్దు. మెథిమోగ్లోబిన్ బాగా పెరిగినప్పుడు అది 85 శాతం దగ్గర ఆగిపోతుంది, అసలు స్థితి అంతకంటే ఘోరంగా ఉన్నా అదే చూపిస్తుంది. ఆక్సిజన్ పెట్టినా ఆ అంకె కదలదు. నీలి పెదవులు, కదలని 85, ఈ రెండూ కలిసి కనిపిస్తే డాక్టర్‌కు ‘అనిలీన్’ అనే మాట మీరే చెప్పాలి. ఆయన ఎన్ని రోగాలనని ఊహిస్తాడు?

ఇదంతా శాస్త్రానికి తెలిసింది మనుషుల ఒంటి మీదే. 1886లో ఇంగ్లండ్ నుంచి ఒక సంగతి వైద్య పత్రికకెక్కింది. ఆస్పత్రిలో పుట్టిన పసిపిల్లలు ఉన్నట్టుండి నీలిరంగుకు తిరిగారు. గుండె జబ్బేమో అనుకున్నారు. చివరికి చూస్తే కారణం పొత్తిగుడ్డలు. బట్టలు ఆస్పత్రివని గుర్తుపట్టడానికి వేసిన ముద్ర సిరా అనిలీన్ రంగుతో చేసింది. ఉతకకుండా కొత్త గుడ్డలే చుట్టారు. పసివాళ్ల పల్చటి చర్మం, పైగా ఆ వయసులో మెథిమోగ్లోబిన్‌ను సరిచేసే ఎంజైము పెద్దవాళ్లలో సగమే ఉంటుంది. కొత్త బట్ట పిల్లలకు తడిపి ఉతికి ఆరేశాకే వేయాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట నాకు ఇది చదివినప్పుడు గుర్తొచ్చింది.

అదే 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అని ఇద్దరు యువ డాక్టర్లు నాఫ్తలీన్‌ను మందుగా పరీక్షిస్తున్నారు. వాళ్లకు వచ్చిన సీసాలో పొరపాటున ఎసిటనిలైడ్ ఉంది. మీరు ల్యాబ్‌లో చేశారుగా, అనిలీన్‌కు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి, తళతళలాడే తెల్లటి పలుకులు? అదే. రోగికి జ్వరం దిగింది. యాంటిఫెబ్రిన్ అనే పేరుతో అమ్మారు. కానీ వాడినవాళ్లలో కొందరికి పెదవులు నీలమయ్యేవి. ఎందుకో తేలడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో లెక్క తేల్చారు. ఒంట్లోకి వెళ్లిన ఎసిటనిలైడ్‌లో కొంత అనిలీన్‌గా మారి రక్తాన్ని పాడుచేస్తోంది. ఎక్కువ భాగం ఇంకో పదార్థంగా మారి నొప్పి తగ్గిస్తోంది. ఆ ఇంకో పదార్థమే పారాసిటమాల్. జ్వరం వస్తే మీ అమ్మ ఇచ్చే మాత్ర అలా బయటపడింది. ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లలో టన్నుల లెక్కన తయారవుతోంది.

మిథిలీన్ బ్లూ సంగతి ఇంకా చిత్రం. దాన్ని 1876లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ అనే రంగుల కంపెనీలో హైన్రిఖ్ కారో తయారుచేశాడు. మొదలుపెట్టింది డైమిథైల్ అనిలీన్‌తో. అంటే విషానికి విరుగుడు ఆ విషం కడుపునే పుట్టింది. బట్టలకు అద్దకం రంగుగా పుట్టినది మా కుర్రాడి ప్రాణం నిలబెట్టింది. అయితే ఇది అందరికీ పనికొచ్చే మందు కాదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు ఇది పనిచేయదు, పైగా ఎర్ర కణాలు చిట్లిపోతాయి. అనిలీన్ దగ్గర పనికి పెట్టుకునే ముందు ఆ పరీక్ష చేయించమని నేను పట్టుబట్టేవాణ్ని.

పేరు గురించి కూడా చెప్పాలి, ఇది మనది కాబట్టి. 1826లో ఉన్‌ఫెర్‌డార్బెన్ నీలిమందును డిస్టిల్ చేసి ఈ ద్రవాన్ని మొదట తీశాడు. తర్వాత 1840లో ఫ్రిట్షే నీలిమందును కాస్టిక్ పొటాష్‌తో వేడిచేసి తీసి అనిలీన్ అని పేరు పెట్టాడు. అనిల్ అంటే పోర్చుగీసులో నీలిమందు. అది అరబ్బీ అన్-నీల్ నుంచి, అది మన నీల శబ్దం నుంచి. కడప, నెల్లూరు పొలాల్లో నీలి పండించిన రోజుల మాట ఆ పేరులో ఉంది. అదే అనిలీన్ తిరిగి నీలి సాగునే దెబ్బతీసింది. 1856లో పద్దెనిమిదేళ్ల పెర్కిన్ లండన్‌లో క్వినైన్ చేయబోయి అనిలీన్ నుంచి ఊదా రంగు తీశాడు. 1897లో బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. కొన్నేళ్లకే అనిలీన్‌తో మొదలయ్యే పద్ధతి వచ్చింది. ఆ కంపెనీ పేరులో ఏ అనే అక్షరం అనిలీనే. చెట్టు నీలి ధర పడిపోయింది, రైతు చితికిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోతే, చంపారన్‌లో తోటల దొరలు మళ్లీ రైతుల మెడలు వంచి నీలి వేయించారు. 1917లో గాంధీగారు వెళ్లింది ఆ ఊళ్లకే.

రంగుల ఫ్యాక్టరీల్లో ఇంకో పంట పండింది, క్యాన్సర్. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ అనే ఎర్ర రంగు చేసే 45 మంది కార్మికుల్లో ముగ్గురికి మూత్రాశయంలో కణితులున్నాయని చెప్పాడు. చాలాకాలం దాన్ని ‘అనిలీన్ క్యాన్సర్’ అన్నారు. తర్వాత అసలు దోషులు దాని చుట్టాలైన బీటా నాఫ్తిల్ అమీన్, బెంజిడీన్ అని తేలింది. మన దేశం 1993లో 42 బెంజిడీన్ రంగుల్నీ, 1997లో ఇంకో 70 అజో రంగుల్నీ నిషేధించింది. అనిలీన్‌కు పూర్తిగా క్లీన్‌చిట్ వచ్చిందనుకోకండి. 2020లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2ఏ వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో చేర్చింది.

ఇంత చెప్పాక, మరి మానేయొచ్చుగా అంటారు. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు లోపల గట్టి నురగ ఉంటుంది చూడండి, కోల్డ్ స్టోరేజీ గోడల్లోనూ అదే. ఆ పాలీయురెథేన్‌కు కావాల్సిన ఎండీఐ అనే రసాయనం అనిలీన్ నుంచే వస్తుంది. ప్రపంచంలో తయారయ్యే అనిలీన్‌లో నాలుగింట మూడొంతులకు పైగా దానికే పోతుంది. మిగతాది రబ్బరుకు, రంగులకు, మందులకు, కలుపు మందులకు. టైర్ల కథ కూడా బాగుంటుంది. 1906లో అమెరికాలో ఓన్‌స్లాగర్ అనే కెమిస్టు అనిలీన్ కలిపితే రబ్బరు త్వరగా గట్టిపడుతుందని కనిపెట్టాడు. అది విషమని తెలిసి, దాన్నుంచే తక్కువ హాని చేసే థయోకార్బనిలైడ్‌ను తీసి వాడాడు. వందేళ్ల కిందటే ఒక కెమిస్టుకు ఆ పని చేయాలని తోచింది. సల్ఫా మందులూ ఈ ఇంటివే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది కదా, ఆ అణువు నడుమ ఉన్న పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం కూడా అనిలీన్ బిడ్డే. మానేయడం కుదరదు. జాగ్రత్తగా పట్టుకోవడమే.

పట్టుకోవడం అంటే ఏమిటి? ఒంటి మీద పడిందా, షవర్ కిందికి వెళ్లి అక్కడే బట్టలు విప్పేయండి. సిగ్గు తర్వాత. ఆడపిల్లలు మాస్టారూ ఎలా అంటారు, అందుకే షవర్ చుట్టూ తెర ఉందో లేదో ఉద్యోగంలో చేరిన రోజే చూసుకోండి. సబ్బుతో, చల్లటి నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. గోళ్ల సందులు, చెవుల వెనక, జుట్టు. వేడి నీళ్లు వాడితే చర్మం ఇంకా పీల్చుకుంటుంది. తోలు బూట్లు, బెల్టు, వాచీ పట్టీ పారేయాలి, ఉతికి వాడకూడదు. ఆ రోజు మద్యం తాగకూడదు, ఆల్కహాల్ దీని విషాన్ని పెంచుతుంది. ఇది అనిలీన్ ప్లాంట్లలో చాలా పాత నియమం.

నిప్పు విషయంలో ఇది టోలీన్ అంత తొందరపాటుది కాదు. 70 డిగ్రీల దగ్గర మంట అందుకుంటుంది, 184 దగ్గర మరుగుతుంది. కానీ దీని ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, గుంటల్లో నిలుస్తుంది. పొగలు కక్కే నైట్రిక్ యాసిడ్ దగ్గర దీన్ని పెట్టొద్దు. రెండూ తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటాయి. ఆ గుణాన్ని నమ్ముకునే 1940లలో అమెరికావాళ్లు రాకెట్లు కూడా ఎగరేశారు. మన గోడౌన్లో అది జరగకూడదు.

ఎవరైనా ఏమైనా అడుగుతారా? ఆ, చెప్పమ్మా.

జీన్స్ ప్యాంటుకు వేసే నీలి కూడా ఇదేనా అంటోంది. అవునమ్మా, ఇవాళ్టి నీలి ఎక్కువగా అనిలీన్‌తోనే మొదలవుతుంది. రంగులో మిగులు అనిలీన్ కొంచెం ఉంటుంది. తొడుక్కునేవాళ్ల కంటే రంగు తొట్ల దగ్గర నిలబడేవాళ్లకు, ఆ నీళ్లు కలిసే వాగుకు దాని బాధ ఎక్కువ. 2018 నుంచి అనిలీన్ మిగలని నీలి కూడా బజారులో దొరుకుతోంది. కొత్త ప్యాంటు ఒకసారి ఉతికి వేసుకో.

వెనక నుంచి బాబూ, గట్టిగా. మీ నాన్నగారు నూలుకు రంగులు అద్దుతారా? నాఫ్తాల్ రంగులా? ఐసు వేసి, నైట్రైట్, యాసిడ్ కలిపి చేస్తారు కదూ? సరే, ఇది అందరూ వినండి. అందులో ‘బేస్’ అని డబ్బాలో వచ్చే పొడి ఉంటుంది. క్లోరో అనిలీన్, నైట్రో అనిలీన్, అలా అన్నీ అనిలీన్ తోబుట్టువులే. మీరు ల్యాబ్‌లో సున్నా నుంచి 5 డిగ్రీల మధ్య చేసే డయజోటైజేషన్‌ను మీ నాన్నగారు ఇంటి వెనక బకెట్‌లో చేస్తున్నారు. గ్లౌజులు వేసుకుంటారా? లేదా. చేతులు దేనితో కడుగుతారు? బ్లీచింగ్ పొడా... రంగు వదలడానికి. అది చర్మం పై పొరను ఇంకా పాడుచేస్తుంది, మర్నాడు రంగు ఇంకా తేలిగ్గా ఒంట్లోకి దిగుతుంది. ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ఆ డబ్బా మీద లేబుల్ ఫోటో తీసి పంపమను. పేరు, నంబరు కనిపించాలి. మధ్యాహ్నం పనయ్యాక తలనొప్పి వస్తోందా అని కూడా అడుగు. నా బస్సు ఎనిమిదింటికి, అప్పటిదాకా మీ స్టాఫ్ రూంలోనే ఉంటాను. ఫోటో రాగానే నా దగ్గరికి తీసుకురా.